నిచ్చెన పొడుగెంత?

"తాతా, అంత ఎత్తు గోడ ఎట్లెక్కిండ్రు?"

ఖిలాషాపూర్ కోట చూసి వచ్చినప్పటి నుంచీ మా చిట్టికి ఇదే ధ్యాస. నిచ్చెన వేసుకుని ఎక్కిండ్రు అనేస్తే ఒక్క ముక్కలో తేలిపోతుంది. కాని బిడ్డా, శత్రువు కోటకు నిచ్చెన వేయడమంటే మామిడికాయలు కోయడానికి వేసినంత సులువా? నిచ్చెన ఎంత పొడుగుండాలి, ఎంత ఏటవాలుగా వేయాలి, ఒకేసారి ఎంతమంది ఎక్కాలి, పైన ఎవడైనా మేలుకుని ఉన్నాడా... వీటిలో ఏ ఒక్కటి తప్పినా పైకెక్కినవాడు నేరుగా పైకే పోతాడు!

ముందు మన ఊరి సంగతి. రఘునాథపల్లి మండలంలో, మనకు కూతవేటు దూరంలో ఉన్న ఈ ఖిలాషాపూర్‌నే పాత చరిత్రల్లో షాపూర్ అన్నారు. ఔరంగజేబు చివరి రోజుల్లో సర్వాయి పాపన్న ఇక్కడే కోట కట్టుకుని మొగలు సుబేదార్లకు కంటిమీద కునుకు లేకుండా చేశాడు. కల్లుగీత కులంలో పుట్టినవాడు. ఔరంగజేబు 1707లో పోయాడు. కొడుకులు గద్దె కోసం కొట్టుకుంటున్నారు. హైదరాబాదులో పట్టు సడలింది. సరిగ్గా ఆ సందులో, 1708 మార్చి 31న, పాపన్న రెండు మూడు వేల కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో ఓరుగల్లు పొలిమేరకు చేరాడు.

తేదీ గుర్తుపెట్టుకో. మర్నాడు ఆషూరా, మొహర్రం పదో రోజు. కోటలో కాపలా ఉండాల్సినవాళ్లంతా పీర్ల ఏర్పాట్లలో మునిగి ఉన్నారు. పాపన్న మనుషులు కొందరు దారులు కట్టేశారు. మిగతావాళ్లు జారుముడి వేసిన తాళ్లు గోడ మీదికి విసిరి, వాటిని పట్టుకుని పాకిపోయారు. లోపలికి దిగి తలుపులు తీశారు. గుర్రాలు తలుపుల్లోంచి దర్జాగా వచ్చాయి. ఆ తరవాత రెండు మూడు రోజులు దోపిడీ. ఓరుగల్లు తివాచీలకు అప్పటికే పెద్ద పేరు. డబ్బున్నవాళ్ల ఇళ్ల ఆడవాళ్లనూ పిల్లలనూ పట్టుకుపోయారు. ఈ సంగతి పాటల్లో పెద్దగా వినపడదు. పాపన్న మనవాడే, వీరుడే, కాదనను. అంతమాత్రాన ఆ రోజుల్లో ఓరుగల్లులో ఉన్నవాళ్ల ఏడుపు అబద్ధం కాదు.

రెండు నెలల తరవాత జూన్ 1న భువనగిరి మీద పడ్డాడు. ఆ రోజేమిటో తెలుసా? మీలాద్, ప్రవక్త పుట్టినరోజు! పంచాంగం చూసి మరీ ముహూర్తం పెట్టుకునేవాడన్నమాట.

"మరి నిచ్చెన ఏది తాతా? తాడే కదా!" అన్నాడు మా పెద్దోడు. వాడు ఏదీ ఊరికే పోనివ్వడు. సరే, తాడు ఎందుకు, నిచ్చెన ఎందుకు, ముందు అది చూద్దాం.

తాడును నడుముకు చుట్టుకుని చీకట్లో చప్పుడు లేకుండా నడవొచ్చు. ఇరవై నాలుగు అడుగుల నిచ్చెన మోయాలంటే ముందు ఇద్దరు, వెనక ఇద్దరు కావాలి. మలుపు దగ్గర అది చెట్టుకో రాయికో తగిలి టకటక మోగుతుంది. తాడు గోడ ఎత్తుకంటే పొడుగైనా బాధ లేదు, మిగిలింది కింద వేలాడుతుంది. నిచ్చెన అలా కాదు, పొడుగైనా చేటే, పొట్టైనా చేటే. అయితే తాడు మీద రెండు చేతులూ తాడుకే సరిపోతాయి. పైనుంచి ఎవడైనా కర్రతో ఒక్కటిచ్చినా కాచుకోలేం. నిచ్చెన మీద ఒక చెయ్యి ఖాళీ, డాలు పట్టుకోవచ్చు. ఎక్కడం తెలియని సిపాయి కూడా ఎక్కగలడు.

తాడుకు ప్రాణం రాపిడి. జారుముడి గోడ మీది రాతి దిమ్మెకు పడిందనుకో, ఎక్కేవాడి బరువు పెరిగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. రాయి చుట్టూ తాడు ఎంత చుట్టుకుంటే పట్టు అంత పెరుగుతుంది. అదీ కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. తాడుకూ రాయికీ మధ్య రాపిడి గుణకం 0.3 అనుకుందాం. ఒక పూర్తి చుట్టు వేస్తే, నువ్వు ఒక చివర ఒక కిలో బలంతో పట్టుకుంటే చాలు, రెండో చివర ఆరున్నర కిలోలు ఆగుతాయి. రెండు చుట్లు వేస్తే 43 కిలోలు! బావి గట్టున గుంజకు రెండు చుట్లు వేసి బర్రెను ఆపేది ఈ లెక్కతోనే.

ఈ లెక్క బళ్లో చదవకుండానే ఒంటికి పట్టించుకున్నవాళ్లు గీత కార్మికులు. తాటిచెట్టు ఎక్కే గౌడన్నను దగ్గరనుంచి చూడు. మోకు అనే తాడు చెట్టు చుట్టూ, తన నడుము వెనక చుట్టూ ఉంటుంది. వెనక్కి వాలతాడు. వాలగానే బరువు మోకు మీద పడి, మోకు చెట్టును అవతలివైపు నుంచి గట్టిగా కరుచుకుంటుంది. అదే వాలు పాదాలను చెట్టుకేసి నొక్కుతుంది. పాదాలకు వేసుకున్న గుజి జారనివ్వదు. ఇప్పుడు ఒక్క క్షణం ముందుకు వంగుతాడు. మోకు వదులవుతుంది. టక్కున జానెడు పైకి విదిలిస్తాడు. మళ్లీ వాలతాడు. భయపడి చెట్టును వాటేసుకున్నవాడు జారతాడు, ధైర్యంగా వెనక్కి వాలినవాడు నిలుస్తాడు. తాడు విద్య తెలిసిన కులంలో పుట్టిన పాపన్న ఓరుగల్లు గోడ దగ్గర తాడునే నమ్ముకున్నాడంటే నాకు వింతగా లేదు.

ఆ విద్యలో ప్రాణాలూ పోయాయి. మోకు తెగో, కాలు జారో పడి నడుములు విరిగినవాళ్లు ఏ ఊళ్లో లేరు? 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలు జారినా మనిషిని చెట్టుకే పట్టి ఉంచే బెల్టులు అవి. కాటమయ్య వాళ్ల కులదేవుడు. పేరు బాగా కుదిరింది.

ఇక నిచ్చెన. ఇంట్లో సున్నం వేయడానికి మనం నిచ్చెన వేసేటప్పుడు గోడ ఎత్తు నాలుగడుగులైతే కాలు ఒక అడుగు దూరం పెట్టాలంటారు. దాదాపు 75 డిగ్రీల వాలు. కోటకు వేసే నిచ్చెనకు ఇది పనికిరాదు. ఎందుకంటే మన ఇంటి గోడ మీద నిలబడి నిచ్చెనను తోసేవాడు లేడు!

పాలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు దీనికి లెక్క రాసిపెట్టాడు. గోడ ఎత్తు పది అయితే నిచ్చెన పన్నెండు ఉండాలి. నిచ్చెన కాలు గోడకు, దాని పొడుగులో సగం దూరంలో ఉండాలి. అంతకంటే దూరం పెడితే మనుషుల బరువుకు మధ్యలో విరుగుతుంది, దగ్గర పెడితే సులువుగా తోసేస్తారు అన్నాడు. రెండు వేల ఏళ్ల పైచిలుకు కిందటి మాట. నిజమో కాదో మనం చూద్దాం.

ఇరవై అడుగుల గోడ. ఇరవై నాలుగు అడుగుల నిచ్చెన. కాలు పన్నెండు అడుగుల దూరంలో. పైథాగరస్ ప్రకారం పై కొన 20 అడుగుల 9 అంగుళాల దగ్గరికి చేరుతుంది. అంటే గోడ అంచు దాటి నాలుగు వేళ్లో జానెడో. పైవాడు పట్టుకుని ఊపడానికి అంతకంటే ఏమీ దొరకదు. వాలు 60 డిగ్రీలు. నిచ్చెన 40 కిలోలు, దాని మీద 60 కిలోల మనుషులు నలుగురు, బరువంతా సగటున మధ్యలో ఉందనుకో. మొత్తం 280 కిలోలు. ఈ నిచ్చెనను గోడ నుంచి కదిలించాలంటే పైన కనీసం 81 కిలోల బలంతో తోయాలి. అదే నిచ్చెనను మన ఇంటి పద్ధతిలో 75 డిగ్రీలకు నిలబెడితే 38 కిలోల తోపుడు చాలు. కొన చీలిన పొడుగాటి కర్రతో ఒక్కడు చేసేస్తాడు. పైగా 60 డిగ్రీల నిచ్చెనను వెనక్కి పడెయ్యాలంటే 30 డిగ్రీలు లేపాలి. రెండోదాన్ని 15 డిగ్రీలు లేపితే చాలు, ఆపై దాని బరువే దాన్ని పడేస్తుంది.

"అయితే ఇంకా వాలుగా వేస్తే ఇంకా మంచిది కదా?" అని పెద్దోడు. వేసి చూడు. 45 డిగ్రీలకు వంచితే తోయడానికి 140 కిలోలు కావాలి, నిజమే. కాని 60 డిగ్రీల దగ్గర బరువులో సగమే బొంగులను వంచుతుంది, 45 దగ్గర పదింట ఏడు వంతులు వంచుతుంది. నిచ్చెన కూడా పొడుగవ్వాలి, ఇరవై అడుగుల గోడకు ఇరవై ఎనిమిది అడుగులు. పొడుగైన వెదురు తక్కువ బరువుకే విరుగుతుంది. అదీగాక కింద కాలు జారడం మొదలుపెడుతుంది. 60 డిగ్రీల దగ్గర కూడా ఎక్కేవాళ్లు పైకి పోయేకొద్దీ కాలు వెనక్కి తన్నేస్తుంటుంది. అందుకే కింద ఒకడు అడుగు అడ్డం పెట్టి పట్టుకోవాలి. రాళ్లు పడేది కూడా వాడి నెత్తినే, పాపం.

బరువు సంగతి అలెగ్జాండరుకు మన ఉపఖండంలోనే తెలిసొచ్చింది. క్రీ.పూ. 326-325 చలికాలంలో మల్లులనే తెగ కోట దగ్గర, ముట్టడి నెమ్మదిగా సాగుతోందని కోపమొచ్చి తానే నిచ్చెన లాక్కుని ఎక్కాడు. రాజు ఒంటరిగా పైన ఉన్నాడని సిపాయిలు ఒకరి మీద ఒకరు పడుతూ ఎగబాకారు. నిచ్చెనలు ఫట్‌మని విరిగాయి. పైన రాజు, ముగ్గురు తోడు. కిందికి దూకకుండా లోపలికి దూకాడు. రొమ్ములో బాణం దిగింది. లోకాన్ని గెలవబోయినవాణ్ని చావు అంచుదాకా తీసుకెళ్లింది విరిగిన నిచ్చెన. మనకు ఇక్కడ దొరికే వెదురు అయితే ఏమయ్యేదో! వెదురు లోపల డొల్ల, పీచంతా బయటి అంచున ఉంటుంది. వంగేటప్పుడు బలం కావాల్సింది అక్కడే. అందుకే తేలికగా ఉండి గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. గోడ ఎత్తు ఎట్లా కొలవాలి? టేపు పట్టుకుని పోనివ్వరు కదా. మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్పు క్రీ.పూ. 217లో మెలీటియా అనే ఊరి మీద రాత్రివేళ పడ్డాడు. ఊరంతా హడలిపోయింది. తీరా నిచ్చెనలు ఆనిస్తే పొట్టి! పాలిబియస్ తన లెక్క రాయడానికి ఇదే కారణం. తిట్టి మరీ రాశాడు.

అంతకు రెండు వందల ఏళ్ల ముందే గ్రీసులోని ప్లేటియా ఊరివాళ్లు ఈ పని చక్కగా చేశారు. క్రీ.పూ. 428-427 చలికాలంలో శత్రువులు వాళ్ల ఊరి చుట్టూ ఇటుక గోడ కట్టి బంధించారు. తప్పించుకోవాలంటే ఆ గోడే ఎక్కాలి. ఊరివైపు ఒకచోట పూత లేని ఇటుకలు కనిపించాయి. చాలామంది వేర్వేరుగా ఇటుక వరుసలు లెక్కపెట్టారు, మళ్లీ మళ్లీ పెట్టారు. ఒకడు పొరబడినా ఎక్కువమందికి వచ్చిన లెక్క సరైనది అయి ఉంటుందని వాళ్ల నమ్మకం. మన వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాలు ముగ్గురు విడివిడిగా లెక్కపెట్టి ఇద్దరికి ఒకటే వస్తే దాన్ని రాసుకున్నట్టు. ఆపై ఒక ఇటుక మందాన్ని వరుసలతో హెచ్చవేసి నిచ్చెనలు చేసుకున్నారు. కొలతల్లో తప్పును తగ్గించడానికి సైంటిస్టులు ఈ రోజుకీ చేసేది ఇదే, పదే పదే కొలవడం.

వానా గాలీ ఉన్న, వెన్నెల లేని రాత్రి బయలుదేరారు. ఆయుధాలు ఒకదానికొకటి తగలకుండా దూరం దూరంగా నడిచారు. బురదలో జారకుండా ఎడమకాలికి మాత్రమే చెప్పు. నిచ్చెనలు సరిగ్గా సరిపోయాయి. చాలామంది పైకి చేరాక ఒకడి చెయ్యి తగిలి గోడ మీది పెంకు ఒకటి కింద పడింది. చప్పుడు! శత్రువులు లేచారు. అయినా 212 మంది దాటేశారు. అంత లెక్క వేసినవాళ్లను ఒక పెంకు ముంచబోయింది.

నీడతో కొలిచే ఉపాయం ఇంకొకటి ఉంది. మూడడుగుల కర్రను నిలువుగా పాతు. దాని నీడ రెండడుగులు ఉన్న సమయానికి గోడ నీడ పద్నాలుగు అడుగులు ఉందంటే, గోడ ఎత్తు ఇరవై ఒకటి. బాణం అందని దూరం నుంచి నీడను కంటితో అంచనా కట్టినా కొంత తెలుస్తుంది.

కోట కట్టేవాడికీ ఈ లెక్కలన్నీ తెలుసు. ఓరుగల్లులో కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి గోడను రుద్రమదేవి ఇంకా ఎత్తు చేయించింది. దాని చుట్టూ 45 బురుజులు గోడ కంటే ముందుకు పొడుచుకుని ఉంటాయి. ఆ పొడుచుకు రావడంలోనే ఉంది కిటుకు. రెండు బురుజుల మధ్య నిచ్చెన వేసినవాడికి ఎదురుగా ఒక్క గోడే కనిపిస్తుంది, కాని బాణాలు రెండు పక్కల నుంచి వస్తాయి. డాలు ఒకటే కదా, ఎటు పెడతాడు?

గోడకు ఆనుకుని కందకం. దీన్ని చాలామంది మొసళ్ల కోసం అనుకుంటారు. నీళ్లకంటే వెడల్పే ముఖ్యం. మాట వరసకు ఇరవై అడుగుల గోడ ముందు అరవై అడుగుల కందకం ఉందనుకో. గట్టు మీద కాలు పెట్టి నిచ్చెన వేయాలంటే 63 అడుగుల పొడుగు కావాలి. దాని వాలు 18 డిగ్రీలు. అది నిచ్చెనా, వంతెనా? నలుగురు ఎక్కేసరికి మధ్యలో విల్లులా వంగి నీళ్లలో పడుతుంది. కందకం పూడ్చకుండా నిచ్చెన మాటే ఎత్తలేరు. 1310 జనవరిలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లు ముందుకు వచ్చినప్పుడు చేసిందీ పూడ్చే పనే. ఆ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో, బయటి మట్టికోటలో ఉక్కు బల్లెం కూడా దిగడం లేదని, యంత్రాలతో విసిరిన గుండ్లు తగిలి వెనక్కి ఎగిరిపడుతున్నాయని మెచ్చుకున్నాడు. మట్టి గుండు దెబ్బను మింగేస్తుంది, రాయిలా పగలదు.

నాకు అన్నింటికంటే నచ్చేది రాతి గోడ లోపలి ముఖం. ఈసారి ఓరుగల్లు పోతే చూడండి. లోపలివైపు గోడ పొడవునా రాతి మెట్లే. బయటివాడు ఒక్కో నిచ్చెన మీద ఒకడి వెనక ఒకడు ఎక్కాలి. మనిషికి ఐదు సెకన్ల చొప్పున వేసుకున్నా నిమిషానికి పన్నెండుమంది. లోపలివాడు ఎక్కడ కేక వినిపిస్తే అక్కడికి, గుంపుగా, చేతులూపుకుంటూ ఎక్కేస్తాడు. ఈ పందెంలో బయటివాడు గెలిచేది ఒక్క సందర్భంలోనే, లోపల కేక వేసేవాడు లేనప్పుడు. పాపన్న ఆషూరా దాకా ఆగింది అందుకే. ఎవరూ లేని గోడ ఎంత ఎత్తున్నా మెట్లతో సమానం.

గోల్కొండ కథ చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1687 మే నెలలో, మన మొదటి నిజాం తండ్రి ఫిరోజ్ జంగ్, ఔరంగజేబు తరఫున ఒక రాత్రి గుట్టుగా నిచ్చెనలు వేయించాడు. కొందరు గోడ పైకి చేరారు. కింద నుంచి చూసిన ఒక హాజీ, ఇంకేముంది, కోట చిక్కినట్టేనని పరుగున పోయి పాదుషాకు శుభాకాంక్షలు చెప్పాడు. పాదుషా విజయభేరి మోగించమన్నాడు. ఈలోగా కోట గోడ మీద తిరుగుతున్న ఒక ఊరకుక్క మొరిగింది. కాపలావాళ్లు లేచి వచ్చి ఎక్కినవాళ్లను నరికి, నిచ్చెనలు తోసేశారు. గోల్కొండ సుల్తాను తానీషా ఆ కుక్క మెడకు బంగారు పట్టా వేయించాడు.

గోల్కొండ ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందని గైడ్లు కొట్టి చూపిస్తారు. అంత శబ్దశాస్త్రం తెలిసి కట్టిన కోటను ఆ రాత్రి కాపాడింది కుక్క చెవి, ముక్కు! మన చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల దగ్గర ఆగిపోతుంది. కుక్కకు 45 వేల దాకా వినపడుతుంది. తాడు రాతికి రాసుకునే కీచు, వెదురు బొంగు బరువుకు చేసే చిటచిట, వీటిలో మనకు అందని పై స్థాయి శబ్దం చాలా ఉంటుంది. ఇక కొత్త మనిషి వాసన వస్తే కుక్కకు చీకటైనా పగలే.

"ఉడుముకు తాడు కట్టి ఎక్కేవాళ్లట కదా?" అని చిట్టి. సినిమాల్లో బాగుంటుంది. 1670లో శివాజీ సేనాని తానాజీ సింహగడ్ ఎక్కినప్పుడు అలాగే చేశాడని మరాఠీ వాళ్ల కథ. ఉడుము గోళ్లు రాతి నెర్రెల్లో బాగా దిగుతాయి, పట్టు గట్టిదే. కాని అది నాలుగైదు కిలోల ప్రాణి. అరవై కిలోల మనిషి కింద వేలాడుతుంటే అది కదలకుండా కూర్చుంటుందా? సన్నటి దారం మోసుకెళ్తే మోసుకెళ్లవచ్చు. ఇప్పుడు దాన్ని పట్టుకుంటే జైలే, వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది.

మరి గోల్కొండ చివరికి ఎట్లా పడింది? నిచ్చెనలు పనిచేయలేదు, సొరంగాల్లో పెట్టిన మందుగుండు ముట్టడించినవాళ్ల మీదే పేలింది. దాదాపు ఎనిమిది నెలల తరవాత 1687 సెప్టెంబరు 21న, లోపలి సర్దార్ ఒకడు లంచం తిని తలుపు తీశాడు. పాపన్న కథా అంతే. 1710లో మొగలు సైన్యం చుట్టుముట్టినప్పుడు, పాపన్నను వదిలి వచ్చినవాళ్లకు రెట్టింపు జీతం ఇస్తామన్నారు. మనుషులు జారిపోయారు. ఆ ఏడే పాపన్న పట్టుబడ్డాడు, చంపేశారు.

రేపు పొద్దున తొమ్మిదింటికి ఖిలాషాపూర్ పోదాం. మూడడుగుల కర్ర, టేపు, నోటుబుక్కు తెచ్చుకోండి. నీడలు కొలిచి బురుజు ఎత్తు లెక్కగడదాం. ఇద్దరూ విడివిడిగా కొలవాలి, ఒకరిది ఒకరు చూసి రాయొద్దు. గోడ మాత్రం ఎక్కేది లేదు. వానలకు సున్నం కొట్టుకుపోయి రాళ్లు వదులై ఉన్నాయి, మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు.